రక్తంలో హార్మోన్ల ప్రయాణం : అంకె చూచి మాత్ర మానకండి

నా వైద్యశాలకు వచ్చేవారిలో చాలామంది ఈనాడు నాడి చూపడానికి చేయి చాచే ముందే సంచిలోనుండి ఒక కాగితం తీసి బల్లమీద పెడుతున్నారు. పండ్రెండేండ్లు గురువుగారి ఇంట ఉండి చరక సుశ్రుత వాగ్భటాలను కంఠస్థం చేసినవాడిని నేను. ల్యాబొరేటరీ కాగితం చదవడం అక్కడ ఎవరూ నేర్పలేదు. అయినా ఆ కాగితాన్ని నేను ప్రక్కకు నెట్టను. కండ్లజోడు సవరించుకొని వరుస తరువాత వరుస చదువుతాను. ఈ అలవాటుకు మూలం నా విద్య కాదు, నేను చేసిన ఒక తప్పు. దానిని గురించి వ్రాయవలెనని ఎన్నో పర్యాయాలు అనుకొని మానివేశాను. గత మాసంలో జరిగిన ఒక సంగతి ఇప్పుడు వ్రాయిస్తున్నది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దమనిషి కూర్మన్నపాలెం నుండి భార్యను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమెకు ఎనిమిదేండ్లుగా థైరాయిడ్ మాత్ర నడుస్తున్నది. కొత్తగా చేయించిన రక్తపరీక్షలో టి4 అని ఒక వరుస, ఫ్రీ టి4 అని మరొక వరుస ఉన్నవి. మొదటిది హద్దు దాటింది కాబట్టి దానిని నల్లని పెద్ద అంకెలలో అచ్చు వేశారు. రెండవది హద్దులోనే ఉన్నది.

"మాస్టారూ, ఒకే రక్తం, ఒకే మందు. ఇక్కడేమో ఎక్కువంటాడు, అక్కడేమో సరిపోయిందంటాడు. ఏటండీ ఇది? మిషను పాడయిందా?" అని ఆయన ప్రశ్న.

ప్రశ్న చాలా మంచిది. అయితే ఆయన సమాధానం కొరకు ఆగలేదు. నల్ల అంకెను చూచి భయపడి, పదిహేను దినాలుగా ఆమె చేత మాత్ర మానిపించారు. ఆమెకు నీరసం, చలి, మలబద్ధకం మొదలైనవి. ముఖంలో కొద్దిగా ఉబ్బు కూడా కనిపించింది. నేను ఆమెను అడిగినది ఒక్కటే: "అమ్మా, ఈ మధ్య వేరే మాత్రలేమైనా మొదలుపెట్టారా?" నెలసరి నిలిచిన తరువాత ఒంట్లో ఆవిర్లు వస్తున్నవని, నాలుగు మాసాల క్రితం స్త్రీల వైద్యురాలు ఈస్ట్రోజెన్ మాత్రలు వ్రాశారని ఆమె చెప్పింది. ముడి అక్కడ విడిపోయింది. అది ఎట్లా విడిపోయిందో తెలియవలెనంటే, హార్మోను అనేది మన రక్తంలో ఎట్లా ప్రయాణం చేస్తుందో కొంచెం తెలిసి ఉండవలెను. నాకు అది 1993వ సంవత్సరం వరకు తెలియదు.

ఆ ఏడు ఉక్కునగరం క్వార్టర్సు నుండి ఒక యువతి నా వద్దకు వచ్చింది. మూడవ నెల గర్భవతి. పెండ్లికి ముందునుండే ఆమె థైరాయిడ్ మాత్ర వాడుతున్నది. ఆమె చేతిలోని కాగితంలో టి4 పన్నెండున్నర అని ఉన్నది, హద్దు పన్నెండు. "ఎక్కువైందట కదండీ, బిడ్డకు వేడి చేయదా?" అని ఆమె అత్తగారు ఆందోళన పడింది. నేను కొంత గర్వంతోనే సమాధానం చెప్పాను. బయటినుండి ఇచ్చిన హార్మోను అతి అయినదనీ, మాత్రను సగం చేయమనీ, నేనిచ్చే కషాయం తీసుకొమ్మనీ అన్నాను. అదే కాగితంలో అట్టడుగున టి.ఎస్.హెచ్. అని మరొక అంకె ఉన్నది. అది కూడా హద్దు దాటి ఉన్నది. దానిని నేను చూచాను, కాని దాని అర్థం నాకు తెలియదు. తెలియని సంగతిని తెలియదని ఆ రోజు నేను చెప్పలేదు.

మూడు వారాల తరువాత ఆమెను పరీక్షించే డాక్టరుగారు ఈ సంగతి విని మండిపడి, మాత్రను పూర్వపు మోతాదుకు తేవడమే కాక దానిపైన ఇంకా పెంచారట. ఆమె భర్త వచ్చి ఆ మాట నాతో చెప్పాడు. కోపంగా చెప్పలేదు. అది మరింత బాధించింది. మరునాడు నేను నాకు పరిచయమున్న ఒక ఆధునిక వైద్యుని ఇంటికి వెళ్ళి, నన్ను శిష్యుడిగా భావించి చెప్పమని అడిగాను. ఆయన కాగితం తీసుకొని బొమ్మ గీశారు. మొదట అడిగిన మాట మాత్రం ఇది: "మీరు పోర్టు చూచారా?"

విశాఖలో ఉండి పోర్టు చూడనివారు ఎవరు? బీచి రోడ్డు మీద నిలబడితే దూరంగా సముద్రంలో లంగరు వేసి వరుసగా ఓడలు కనిపిస్తూ ఉంటవి. అందులో ఒక ఓడ నిండా ఉక్కు కర్మాగారానికి వచ్చిన కోకింగు బొగ్గు ఉన్నదనుకొందాము. ఆ బొగ్గు మన ఊరికి వచ్చినట్లే, లెక్కలో చేరినట్లే. కాని అది ఓడలో ఉన్నంతసేపు బ్లాస్టు ఫర్నేసులో ఒక్క కణిక కూడా మండదు. దిగిన సరుకే మండుతుంది. రక్తంలోని థైరాయిడ్ హార్మోను స్థితి కూడా ఇటువంటిదే.

థైరాయిడ్ గ్రంథి తయారుచేసే ముఖ్యమైన హార్మోను పేరు థైరాక్సిన్. దానినే కాగితాలలో టి4 అని వ్రాస్తారు. ఇది నీటిలో సులభంగా కరిగే పదార్థం కాదు. కాబట్టి రక్తంలోకి రాగానే అక్కడ ఉండే మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, అంటిపెట్టుకొంటుంది. దీనిని మోయడానికి ప్రత్యేకంగా ఒక ప్రోటీను ఉన్నది. థైరాక్సిన్‌ను బంధించే గ్లాబ్యులిన్ అని దాని పేరు, తయారయ్యేది కాలేయంలో. రక్తంలోని థైరాక్సిన్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు దీనిమీదనే ప్రయాణం చేస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని ట్రాన్స్‌థైరెటిన్ అనే మరొక ప్రోటీను, మనకు బాగా తెలిసిన ఆల్బుమిన్ పంచుకొంటవి. ఈ మూడింటికీ అంటుకోకుండా విడిగా తిరిగేది ఎంత అని అడిగితే పాఠకులు నమ్మకపోవచ్చును. పదివేల అణువులలో రెండో మూడో మాత్రమే. కణంలోకి వెళ్ళి పనిచేసేది ఆ రెండు మూడు అణువులే. వాటి కొలతనే ఫ్రీ టి4 అంటారు. టి4 అని మాత్రమే వ్రాసిన వరుసలో ఓడలలోని సరుకు, దిగిన సరుకు కలిపి లెక్క వేసి ఉంటుంది.

ఇంత తక్కువ మాత్రమే పనికి వచ్చేటట్లయితే తక్కినదంతా వ్యర్థమా అనుకోకూడదు. అంటుకొని ఉన్నది నిలువ సరుకు. విడిగా ఉన్నది ఖర్చు అయిన క్షణంలోనే ప్రోటీను కొంత విడిచిపెడుతుంది. ప్రోటీనుకు అంటుకొని ఉండడం వలననే అది మూత్రపిండాల గుండా బయటికి జారిపోదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు దినాలు పడుతుంది. ఒక దినం మాత్ర మరచిపోయినంత మాత్రాన మనిషి కూలిపోకుండా ఉండడానికి కారణం ఇదే. మోసేవారు అవసరం లేని హార్మోన్లు కూడా ఉన్నవి. ఇన్సులిన్ నీటిలో కరిగి ఒంటరిగా తిరుగుతుంది. కొద్ది నిమిషాలలోనే సగానికి తరిగిపోతుంది. మధుమేహ రోగి పూట పూటకూ సూది వేసుకొనవలసి రావడానికి, థైరాయిడ్ రోగికి రోజుకొక మాత్ర సరిపోవడానికి ఉన్న తేడాలో ఇది కూడా ఒక భాగం.

ఈ జ్ఞానం మరీ పాతది కాదు. థైరాక్సిన్‌ను కెండాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1914లో వేరుచేశాడు. దానిని మోసే ప్రత్యేక ప్రోటీను ఉన్నదని తేలినది 1952లో. పనిచేసేది విడిగా ఉన్న భాగమే అనే సిద్ధాంతాన్ని రాబిన్స్, రాల్ అనే ఇద్దరు అమెరికా వైద్య శాస్త్రజ్ఞులు ఆ తరువాతి సంవత్సరాలలో బలపరచారు. అప్పటి థైరాయిడ్ పరీక్ష పేరు కూడా గమనింపదగినది: ప్రోటీను బంధిత అయోడిన్ పరీక్ష. అంటే కొలిచినది ఓడలోని సరుకునే. విడి హార్మోనును తేలికగా కొలిచే ఉపాయాలు తరువాతి దశాబ్దాలలో వచ్చినవి.

అయోడిన్ మాట వచ్చింది కాబట్టి దారి తప్పి ఒక్క మాట చెప్పనివ్వండి. మన మన్యం సంతలలో మెడవాపుతో వచ్చే స్త్రీలను నా చిన్ననాట చూచాను. మన శాస్త్రం దానిని గళగండం అన్నది. శ్రీకాకుళంలో పుట్టి, మన ఆంధ్ర వైద్య కళాశాలలోనే చదువుకొన్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుండి హిమాలయ పాదాన కాంగ్రా లోయలో ఉప్పుకు అయోడిన్ కలిపి ఇచ్చి, ఆ వ్యాధి తగ్గుతుందని నిరూపించారు. ఇప్పుడు మా సోదర వైద్యులు కొందరు అయోడిన్ ఉప్పును విషమన్నట్లు మాట్లాడి, ఇంటిల్లిపాదికీ సైంధవ లవణం మాత్రమే వాడమని చెబుతున్నారు. సైంధవం గుణాలు నాకు తెలియనివి కావు. ఔషధ యోగాలలో నేనూ వాడుతున్నాను. కాని అసలు తయారు కాని హార్మోనును ఏ ప్రోటీనూ మోయలేదు. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట అయోడిన్ ఉప్పు మానిపించే సాహసం నేను చేయను.

విషయానికి వస్తాను. ఓడల సంఖ్య ఎల్లప్పుడూ ఒకే విధంగా ఉండదు. చిక్కంతా అక్కడే ఉన్నది. ఈస్ట్రోజెన్ పెరిగినపుడు, థైరాక్సిన్‌ను మోసే గ్లాబ్యులిన్ రక్తంలో పెరుగుతుంది. గర్భం ధరించినపుడు ఈస్ట్రోజెన్ సహజంగానే పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలలోను, ఆవిర్లకు ఇచ్చే మాత్రలలోను అది బయటినుండి చేరుతుంది. ఓడలు ఎక్కువైతే వాటిలో సరుకు కూడా ఎక్కువగా నిలుస్తుంది. మొత్తం టి4 అంకె పెరుగుతుంది. దిగిన సరుకు మాత్రం పెరగదు. కూర్మన్నపాలెం దంపతుల కాగితంలో ఒక వరుస ఎక్కువ, ఒక వరుస సమం అని ఉండడానికి కారణం ఇదే. మిషను పాడు కాలేదు. ఆమెకు మాత్ర అతి కానూ లేదు.

దీనికి విపర్యయంగా, ఓడలు తగ్గే స్థితులు కూడా ఉన్నవి. మూత్రంలో విపరీతంగా ప్రోటీను పోయే మూత్రపిండాల వ్యాధిలో ఈ గ్లాబ్యులిన్ కూడా కొట్టుకొనిపోతుంది. కాలేయం బాగా చెడినపుడు ప్రోటీన్ల తయారీయే తారుమారు అవుతుంది. అప్పుడు మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. దానిని మాత్రమే చూచి థైరాయిడ్ మందగించిందనుకొనడం పొరపాటు కావచ్చును. అన్నిటికంటే నాకు విచిత్రంగా తోచినది మరొకటి. పుట్టుకతోనే ఈ గ్లాబ్యులిన్ లేనివారు కొందరు ఉంటారు, వారిలో పురుషులు అధికం. వారి మొత్తం టి4 చాలా తక్కువ. వారికి జబ్బు మాత్రం ఏమీ లేదు. విడి హార్మోను సరిగా ఉండడమే కారణం. అటువంటివానికి అంకె చూచి మాత్రలు ఇస్తే, లేని రోగానికి వైద్యం చేసినట్లు అవుతుంది.

ఓడలు ఎక్కువైనా తక్కువైనా దిగే సరుకు సమంగా ఉండేటట్లు చూచే కాపలాదారు మెదడు క్రింద ఉన్న పీయూష గ్రంథి. అది పట్టించుకొనేది విడి హార్మోనును మాత్రమే. విడి హార్మోను తగ్గితే టి.ఎస్.హెచ్. అనే మరొక హార్మోనును పంపి థైరాయిడ్‌ను తట్టి లేపుతుంది, ఎక్కువైతే ఊరుకొంటుంది. అందువలన పీయూష గ్రంథి బాగున్నంతవరకు టి.ఎస్.హెచ్. పెరిగిందంటే శరీరం "నాకు చాలడం లేదు" అని చెబుతున్నదని అర్థం. 1993లో ఆ యువతి శరీరం ఆ మాటే చెప్పింది. నేను వినలేదు.

ఆరోగ్యవంతురాలైన స్త్రీ గర్భం ధరిస్తే, కొత్తగా పెరిగిన ఓడలు నింపడానికి ఆమె గ్రంథి మరింత పనిచేసి సర్దుకొంటుంది. నాలుగైదు మాసాలు వచ్చేసరికి మొత్తం టి4 మామూలు హద్దుకు సుమారు ఒకటిన్నర రెట్లకు చేరడం సహజం. అంటే ఆ యువతికి పన్నెండున్నర అనేది ఎక్కువ కాదు, ఆ స్థితికి చాలీచాలనిది. ఆమె గ్రంథి పని చేయదు కాబట్టి మాత్ర ద్వారానే పెంచవలెను. థైరాయిడ్ మాత్ర వాడే స్త్రీలకు గర్భం వచ్చినపుడు నూటికి ఇరవై అయిదు నుండి యాభై వంతుల వరకు మోతాదు పెంచవలసి రావడం సర్వసాధారణం. మొదటి మాసాలలో గర్భస్థ శిశువుకు స్వంత థైరాక్సిన్ ఉండదు, తల్లిదే ఆధారం. శిశువు మెదడు పెరుగుదల దానిమీద ఆధారపడి ఉంటుంది. సరిగ్గా ఆ మాసాలలో నేను ఆ మాత్రను సగం చేయించాను. దైవానుగ్రహం, ఆ డాక్టరుగారి కోపం, ఈ రెండూ ఆ బిడ్డను కాపాడినవి.

ఈ మోత థైరాయిడ్ హార్మోనుకు మాత్రమే పరిమితం కాదు. ఒత్తిడిలోను, జ్వరంలోను అక్కరకు వచ్చే కార్టిసాల్ కూడా తన ప్రత్యేక ప్రోటీను మీదనే తిరుగుతుంది. నూటికి అయిదారు పాళ్ళు మాత్రమే విడిగా ఉంటుంది. ఇక్కడ ప్రకృతి ఒక చమత్కారం చేసింది. వాపు పుట్టిన చోట చేరే తెల్ల రక్తకణాలు ఒక ఎంజైమును విడుదల చేస్తవి. అది ఈ ప్రోటీనును కత్తిరిస్తుంది. కత్తెర పడగానే మోస్తున్న కార్టిసాల్ అక్కడే దిగిపోతుంది. వాపును తగ్గించే సరుకు వాపు ఉన్న చోటనే దిగుతుందన్నమాట. శరీరపు వేడి పెరిగినపుడు కూడా ఈ ప్రోటీను పట్టు సడలుతుందని పరిశోధకులు చూపారు. జ్వరాన్ని శత్రువుగా మాత్రమే చూచేవారు ఈ సంగతి తెలుసుకొనదగినది.

మన ఇండ్లలో ఈనాడు తరచుగా వినిపించే మరొక సమస్య కూడా ఇందులోనే ఉన్నది. పదునెనిమిది, ఇరవై ఏండ్ల ఆడపిల్లలకు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు. వైద్యులు దీనిని పి.సి.ఓ.డి. అంటున్నారు. తల్లి కాగితం చూపి, "పురుష హార్మోను మామూలుగానే ఉందన్నారండీ, మరి ఈ వెంట్రుకలు ఎందుకు?" అని అడుగుతుంది. టెస్టోస్టెరాన్‌ను మోసే ప్రోటీను కూడా కాలేయంలోనే తయారవుతుంది. ఒంటిలో కొవ్వు పెరిగి ఇన్సులిన్ అధికమైనపుడు కాలేయం ఆ ప్రోటీనును తక్కువగా తయారుచేస్తుంది. ఓడలు తగ్గినవి; మొత్తం సరుకు మామూలుగానే కనిపించినా, విడిగా తిరిగేది ఎక్కువైంది. బరువు కొంత తగ్గితే ఆ ప్రోటీను తిరిగి పెరగడం, విడి హార్మోను తగ్గడం కనిపిస్తున్నది. ఇక్కడ నేను మొగమాటం లేకుండా చెబుతాను: ఆహార విహారాల విషయంలో మన శాస్త్రానికి ఉన్న పట్టు ఈ పిల్లలకు నిజంగా ఉపయోగపడుతుంది. రాత్రి భోజనం ప్రొద్దు ఉండగానే ముగించడం, పగటి నిద్ర మానడం, రోజూ చెమట పట్టేవరకు నడవడం, మైదా, పంచదార తగ్గించడం. వీటిని పత్రికలో చదివి తల ఊపేవారే కాని చేసేవారు తక్కువ. చేసిన పిల్లలను నేను చూచాను.

పోషణ సంగతి కూడా చెప్పవలెను. ఓడలను కట్టే ఇనుము ఆహారంలోని ప్రోటీనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, డాక్టర్ గోపాలన్ గారు ఆయన సహచరులు, 1960లలోనే పోషణ లోపించి శుష్కించిన పిల్లల రక్తంలో కార్టిసాల్‌ను కొలిచి, అది అధికంగా ఉండడం గమనించారు. అటువంటి పిల్లలలో ఆల్బుమిన్, ట్రాన్స్‌థైరెటిన్ పడిపోతవి. ఈ ట్రాన్స్‌థైరెటిన్ థైరాక్సిన్‌ను మోస్తూనే, విటమిన్ ఎ ను మోసే మరొక చిన్న ప్రోటీనుకు తోడుగా నిలుస్తుంది. ఒకే బండి మీద రెండు సరుకులు. పప్పు, పాలు కడుపునిండా లేని బిడ్డ రక్తపరీక్షను, పుష్టిగా ఉన్న బిడ్డ పరీక్షతో సమానంగా చదవకూడదు.

ఇక మావారి సంగతి. ఆయుర్వేద సభలలో ఈ మధ్య ఒక ధోరణి చూస్తున్నాను. ఏ కొత్త విషయం వినిపించినా "ఇది మన ఋషులు ఎప్పుడో చెప్పారు" అని ఒక శ్లోకం చదివి కూర్చోవడం. హార్మోన్ల మోత గురించి నేను మాట్లాడినపుడు కూడా ఒక మిత్రుడు లేచి, "ఇది యోగవాహి సిద్ధాంతమే" అన్నాడు. చప్పట్లు కూడా పడినవి. యోగవాహి అంటే తనతో కలిసిన ద్రవ్యం గుణాన్ని మోసుకొనిపోయి పెంపొందించేది. తేనెను అట్లా చెప్పారు. వాయువును కూడా అట్లాగే చెప్పారు. అది వేడితో కలిస్తే వేడిని, చలితో కలిస్తే చలిని చేస్తుంది. మోయడం వరకు పోలిక బాగానే ఉన్నది. కాని అసలు విషయం వద్ద తలక్రిందులవుతుంది. తేనె మందు శక్తిని పెంచుతుంది. రక్తంలోని ప్రోటీను హార్మోనును మోసినంతసేపు దాని శక్తిని ఆపి ఉంచుతుంది. రెండూ ఒకటే అంటే, ఇటు తేనెనూ అటు ప్రోటీనునూ కూడా సరిగా అర్థం చేసుకొనలేదన్నమాట. మన శాస్త్రానికి అప్పు తెచ్చిన గొప్ప అక్కరలేదు. తెలియని రోగం పేరు చెప్పలేకపోయినా వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని చరకుని బోధ. దోషాన్ని, దేశాన్ని, కాలాన్ని పరీక్షించి నడుచుకొమ్మన్నాడు. గర్భిణి అనే కాలాన్ని పరీక్షించకుండా అంకెను మాత్రమే పరీక్షించిన నేను, ఆధునిక శాస్త్రానికే కాదు, చరకునికి కూడా అపచారం చేశాను.

ఇంతకూ గృహస్థులు చేయవలసినది ఏమిటి? రక్తపరీక్ష అవసరమైతే టి.ఎస్.హెచ్. తోపాటు ఫ్రీ టి4 చేయించవచ్చునా అని మీ వైద్యుని అడగండి. శిబిరాలలో చవకగా చేసే పరీక్షలలో చాలా భాగం మొత్తం అంకెలే ఉంటవి. గర్భిణుల విషయం మాత్రం వేరు. ప్రోటీన్లు అంతగా మారినపుడు ఫ్రీ టి4 కొలిచే యంత్రాలు కూడా తడబడతవి కాబట్టి, కొందరు వైద్యులు మొత్తం టి4 నే తీసుకొని ఒకటిన్నర రెట్ల హద్దుతో పోల్చుతారు. అది వారికి విడిచిపెట్టండి. మీరు వారికి చెప్పవలసినది మరొకటి ఉన్నది: మీరు మింగుతున్నవన్నీ. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఆవిర్ల మాత్రలు, మూర్ఛ మందులు, వెంట్రుకల కొరకు కొనుక్కొన్న మాత్రలు, అన్నీ. ఈ చివరివానిలో బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో ఉంటుంది. అది ప్రోటీన్లను మార్చదు కాని, కొన్ని రకాల పరీక్షా విధానాలను మోసపుచ్చి లేని థైరాయిడ్ అతిని చూపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక కూడా చేసింది. పరీక్షకు కనీసం రెండు దినాల ముందు దానిని మానవలెను.

మా మందులు కూడా చెప్పండి. దాచవద్దు. థైరాయిడ్ మాత్రను ఉదయం పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగమని చెబుతారు. సున్నపు ధాతువు, ఇనుము ఉన్న మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండవలెనంటారు, అవి మాత్రను పేగులలోనే పట్టుకొంటవి కాబట్టి. శంఖభస్మం, ప్రవాళభస్మం సున్నపు జాతివి. మండూరం, లోహభస్మం ఇనుము. ఆ ఎడం వీటికీ వర్తిస్తుంది. ఈ మాట నా వద్ద మందు తీసుకొనే ప్రతివారికీ ఇప్పుడు చీటీ మీద వ్రాసి ఇస్తున్నాను. అశ్వగంధ బలకరమని ప్రతి దుకాణంలోను అమ్ముతున్నారు. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచిన సందర్భాలు వైద్యపత్రికలలో నమోదైనవి. మాత్ర వాడేవారు వైద్యునికి చెప్పకుండా దానిని ప్రారంభించకూడదు. గర్భిణులకు నేను ఇవ్వనే ఇవ్వను.

కూర్మన్నపాలెం అమ్మగారిని ఆ రోజే తిరిగి మాత్ర ప్రారంభించమని చెప్పి, ఆమె వైద్యునికి ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాను. ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలైన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదట. ఆరు వారాలకు టి.ఎస్.హెచ్. మళ్ళీ చూస్తామన్నారు.

1993లో ఆ యువతి కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు గాజువాకలో ఉపాధ్యాయిని. ఈ వేసవిలో ఆమె నా వద్దకు వచ్చింది. రెండవ నెల. తల్లివలె ఆమెకు కూడా థైరాయిడ్ మాత్ర నడుస్తున్నది. నేను కాగితం తీసుకొని నేరుగా అట్టడుగు వరుసకు వెళ్ళాను. ఏ మాత్రలు వాడుతున్నావు, డాక్టరమ్మకు గర్భం సంగతి చెప్పావా, మోతాదు పెంచారా అని వరుసగా ప్రశ్నలు వేశాను. ఆ పిల్ల నవ్వు ఆపుకొంటూ అన్నది: "అన్నీ చెప్పాను తాతగారూ. డాక్టరమ్మ పెంచారు కూడాను. మీ దగ్గర వేవిళ్ళకు ఏమైనా తీసుకో గాని, మాత్ర మాట వస్తే మాత్రం మీరు చెప్పినట్లు వినవద్దని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది."